నాగమణి కొలతల పుస్తకం: స్కిజోఫ్రెనియా అనుకున్న ఒక కేసులో పదకొండేళ్ల కాలరేఖ

ఈ కేసు రాయడానికి నాగమణి ఒప్పుకుంది. రాసినది ఆమెకూ వాళ్లమ్మకూ చదివి వినిపించాను. రెండు చోట్ల ఆమే దిద్దించింది. పేరు మార్చాను, ఊరు చెప్పడం లేదు. కృష్ణా డెల్టాలో ఒక పెద్ద పల్లె అనుకుంటే చాలు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. కుట్టుపని మాత్రం మార్చలేదు, అది మారిస్తే ఇందులో చెప్పడానికి ఏమీ మిగలదు.

2022 ఆగస్టులో నా ఓపీకి వచ్చేనాటికి ఆమెకు 30 ఏళ్లు. తల్లి ముందు నడుస్తుంటే వెనక చిన్న చిన్న అడుగులేసుకుంటూ వచ్చింది. నడకలో చేతులు ఊగడం లేదు. మొహంలో కదలిక లేదు. అడిగినదానికి ఒక్క మాటలో జవాబిచ్చి చూపు నేలకు దించుకునేది. సంచిలోని కాగితాల్లో అన్నిటికంటే పైన 2019 నాటి డిశ్చార్జి షీటు ఉంది. అందులో రోగనిర్ధారణ దగ్గర ‘పారనాయిడ్ స్కిజోఫ్రెనియా’ అని ఉంది. మందులు గొంతులనూ భ్రమలనూ అణచే రిస్పెరిడోన్ రోజుకు 6 మిల్లీగ్రాములు, దాని వల్ల వచ్చే బిగుతు తగ్గించే ట్రైహెక్సీఫెనిడిల్ 2 మిల్లీగ్రాములు రెండు పూటలా.

2019 ఏప్రిల్‌లో ఆమెకు రెండు గొంతులు వినిపించేవట. ఒకటి మగది, ఒకటి ఆడది. ఆమె గురించి వాటిలో అవే మాట్లాడుకునేవి. "చూడు, ఇప్పుడు దారం మారుస్తోంది. తనంతటి పనిమంతురాలు లేదనుకుంటోంది" అనేవి. తన మనసులోని ఆలోచనలు బయటికి వెళ్లి ఊరందరికీ తెలిసిపోతున్నాయని కిటికీలు మూసుకుని కూచునేదట. ఆస్పత్రిలో చేర్చారు. ఎమ్మారై, ఈఈజీ తీశారు, తేడా ఏమీ లేదు. గంజాయి లాంటి అలవాట్లు లేవు, మూర్ఛ లేదు.

ఈ రెండు లక్షణాలూ వైద్య విద్యార్థిగా ఉన్నప్పటి నుంచీ మాకు నూరిపోసినవే. మనిషి చేసే పనిని గొంతులు వ్యాఖ్యానించడం, ఆలోచనలు బయటికి ప్రసారమైపోతున్నట్టు అనిపించడం. జర్మన్ సైకియాట్రిస్టు కుర్ట్ ష్నైడర్ వీటిని ‘మొదటి శ్రేణి లక్షణాలు’ అన్నాడు. మెదడు జబ్బు వేరే ఏదీ లేకుండా ఇవి కనిపిస్తే స్కిజోఫ్రెనియా అనుకోవచ్చన్నాడు. అందువల్ల ఆ డిశ్చార్జి షీటు రాసిన డాక్టరును నేను తప్పుపట్టలేను. ఆ రోజు ఆ మంచం పక్కన నేను నిలబడి ఉన్నా అదే రాసేవాణ్ణి.

నా తప్పు దాని తర్వాత మొదలైంది.

మొదటి ఏడు నెలలు

ఆ ఏడు నెలల్లో ఆమె నా దగ్గరికి ఆరుసార్లు వచ్చింది. ప్రతిసారీ గొంతులు వినిపిస్తున్నాయా అని అడిగాను, లేవంది. నిద్ర పడుతోందా అంటే పడుతోందంది. ఆ నిర్జీవమైన మొహాన్ని చూసి కేస్ షీటులో ‘నెగటివ్ లక్షణాలు’ అని రాసుకున్నాను. స్కిజోఫ్రెనియాలో ఉత్సాహం, మాట, చొరవ క్రమంగా ఇంకిపోవడాన్ని అలా అంటాం. అవే మందులు కొనసాగించాను.

ఒక మనిషి అలా మసకబారి కనిపించడానికి కనీసం మూడు కారణాలు ఉండొచ్చు. ఒకటి నెగటివ్ లక్షణాలు. రెండోది రిస్పెరిడోన్ లాంటి మందు మెదడులోని డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకోవడం వల్ల వచ్చే పార్కిన్సన్ లాంటి బిగుతు. మూడోది డిప్రెషన్. తలుపు దగ్గర నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. దగ్గరికెళ్లి మణికట్టు పట్టుకుని కదిపితే పళ్లచక్రం తిప్పినట్టు ఆగి ఆగి కదులుతోందంటే అది మందు ప్రభావం. మనిషి లోపల దుఃఖం, పశ్చాత్తాపం, ‘నా వల్ల అందరికీ బాధే’ అన్న ఆలోచన ఉంటే డిప్రెషన్. నేను నాగమణి మణికట్టు పట్టుకుని చూసింది నాలుగో నెలలో. బిగుతు స్పష్టంగా తెలిసింది. ఆ రోజే నెలసరి గురించి కూడా అడిగాను. ఆమె తల్లి వైపు చూసింది. "ఏడాది దాటిందండి ఆగిపోయి. పెద్ద జబ్బులో ఇదొకటా అని చెప్పలేదు" అంది తల్లి. ప్రొలాక్టిన్ అనే హార్మోను పరీక్ష చేయిస్తే 118 నానోగ్రాములు వచ్చింది. మామూలుగా 25 లోపు ఉండాలి. రిస్పెరిడోన్ ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది, అది పెరిగితే నెలసరి ఆగుతుంది. ఇదంతా తెలిసిన విషయమే. మూడు నెలలు అడగకపోవడమే నన్ను ఈనాటికీ బాధిస్తోంది. ముప్పై ఏళ్ల ఆడమనిషికి ఆ మందు రాసిన రోజే అడగవలసిన ప్రశ్న అది.

మోతాదు కొద్దిగా తగ్గించి చూద్దామంటే భయం. 2021లో మందు వాడుతుండగానే మళ్లీ తిరగబెట్టిందని కాగితాల్లో ఉంది. మందు మీద ఉండగా తిరగబెట్టిందంటే మోతాదు పెంచాలన్నది మామూలు ఆలోచన. ఇదసలు ఆ మందుకు లొంగాల్సిన జబ్బేనా అన్న ప్రశ్న నాకు అప్పటికి పుట్టలేదు.

వాళ్లమ్మ మొదటి రోజే ఒక మాట అంది. "జబ్బు చేసినప్పుడే గానండి, మధ్య మధ్యలో బంగారంలాంటి పిల్ల. మిషన్ మీద కూచుంటే తెల్లారేదాకా కుట్టేసేది." తల్లి ప్రేమ మాట్లాడిస్తోందనుకున్నాను. కేస్ షీటులో రాసుకోలేదు.

పుస్తకం

2023 మార్చిలో పాత చీటీలు చూపించమంటే వాళ్లమ్మ ఒక పొడుగాటి లెడ్జరు పుస్తకం బల్ల మీద పెట్టింది. చీటీలన్నీ దాని పేజీల మధ్య పెట్టుకుంటోంది. ఒక చీటీ తీస్తుంటే ఆ పేజీ కనబడింది. జాకెట్ల కొలతలు. పేరు, తేదీ, పొడవు, ఛాతీ, నడుము, భుజం, చేతి పొడవు, మెడ ముందు, మెడ వెనక, ఇవ్వాల్సిన రోజు, తీసుకున్న అడ్వాన్సు. వరసగా, పొందిగ్గా, చిన్న అక్షరాల్లో ఉన్నాయి. రెండు పేజీలు తిప్పాను. అక్షరాలు పెద్దవయ్యాయి. ఇంకో పేజీలో గీతలు దాటి, ఎర్ర ఇంకుతో, అంచుల్లో నెమళ్లు, పూలు గీసి ఉన్నాయి. అడ్వాన్సు గడిలో చాలాచోట్ల ‘వద్దు’ అని ఉంది.

"ఇదెప్పటిదమ్మా?" అన్నాను.

నాగమణి తలెత్తింది. ఏడు నెలల్లో మొదటిసారి ఆమె తనంతట తాను మాట్లాడింది. "ఆ ఉగాదికండి. అందరికీ నేనే కుట్టిస్తానన్నాను. ఊరంతా నా జాకెట్టే వేసుకోవాలనిపించింది."

లెక్కపెట్టాను. 2019లో ఉగాది ఏప్రిల్ 6న వచ్చింది. అంతకు ముందు మూడు వారాల్లో 61 జాకెట్లు ఒప్పుకుంది. మామూలు రోజుల్లో ఆమె వారానికి ఆరు నుంచి ఎనిమిది కుట్టేది. ఆ మూడు వారాలూ రాత్రి రెండు గంటల దాకా మిషన్ నడుస్తూనే ఉందనీ, పొద్దున ఐదుకల్లా మళ్లీ మొదలుపెట్టేదనీ, అలసట అన్నదే లేదనీ తల్లి చెప్పింది. భర్త దాచుకున్న డబ్బుతో జరీ, రాళ్లు, లేసులు కొనేసింది. గొంతులు ఎప్పుడు మొదలయ్యాయని అడిగాను. పండగ అయ్యాక నాలుగో రోజో ఐదో రోజో అంది తల్లి.

గొంతులకంటే నిద్ర తగ్గడం, ఉత్సాహం పొంగడం మూడు నాలుగు వారాల ముందే మొదలయ్యాయి. ఉత్సాహం ఇలా హద్దు మీరి పొంగడాన్ని మేనియా అంటాం. అంటే మేనియా శిఖరానికి చేరాకే గొంతులు వచ్చాయి. 2019లో ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆ శిఖరమే కనిపిస్తోంది. ఎక్కివచ్చిన దారి ఆ కుట్టుపుస్తకంలో ఉండిపోయింది.

మిగతా పుస్తకాలన్నీ తెమ్మన్నాను. తర్వాతి వారం ఐదు తెచ్చారు, 2012 నుంచి 2023 దాకా. ఓపీ అయిపోయాక ఇద్దరినీ కూచోబెట్టుకుని గోడ క్యాలెండరు వెనకవైపు తెల్ల కాగితం మీద ఏడాదికో గీత గీశాను. పైన మేనియా, కింద డిప్రెషన్, గీత మీద మామూలు రోజులు. దీన్ని మేము లైఫ్ చార్టు అంటాం. పల్లెటూరి మనుషులకు నెలలు, తేదీలు గుర్తుండవని అంటారు గానీ పండగలు, నాట్లు, కోతలు, ఎవరి పెళ్లి, ఎవరి చావు అని అడిగితే తేదీ వారం తేడాలో దొరుకుతుంది. ఈ కేసులో రుజువు కూడా పక్కనే ఉంది.

2017 శ్రావణం ఖాళీగా ఉంది. జాకెట్లు కుట్టే మనిషికి శ్రావణమాసం ఖాళీగా ఉండటం అంటే ఏమిటో ఊళ్లో తెలియనివాళ్లుండరు. వరలక్ష్మీ వ్రతాలు, పెళ్లిళ్లు, ఏడాది సంపాదనలో సగం ఆ నెలలోనే. ఆ జూలై నుంచి నవంబరు దాకా నాలుగే ఆర్డర్లున్నాయి, అవీ ఆడపడుచు చేతిరాతలో. ఆ నాలుగు నెలలూ నాగమణి గోడవైపు తిరిగి పడుకుని ఉండేదనీ, నీరసమని సెలైన్లు ఎక్కించారనీ, బలానికి సూదులు వేశారనీ చెప్పారు. ఆ రోజుల్లో ఒక రాత్రి బావి దగ్గరికి వెళ్లి వెనక్కి వచ్చేసిందట. ఈ మాట తల్లికి కూడా నా గదిలోనే తెలిసింది. కాసేపు ముగ్గురం మాట్లాడలేకపోయాం.

2020 ఏప్రిల్, మే కూడా ఖాళీయే. ముందు డిప్రెషన్ అని గీయబోయాను. "లాక్‌డౌన్ కదండీ, ఎవరు కుట్టించుకుంటారు? మాస్కులు కుట్టాను" అంది నాగమణి. ఆ గీత చెరిపేశాను. కాగితం చదివేవాడి మనసులో ఉన్నదాన్నే చూపిస్తుంటుంది, పక్కన మనిషి ఉండాలి.

2021 ఫిబ్రవరి చివర్లో మళ్లీ పెద్ద అక్షరాలు, మళ్లీ ఎర్ర ఇంకు. వారానికి రెండు మూడు జాకెట్లకు పడిపోయిన మనిషి పద్దెనిమిది రోజుల్లో 40 ఒప్పుకుంది. రిస్పెరిడోన్ మానలేదు. మాత్రలు తల్లి చేతులతోనే వేసేది.

అన్నిటికంటే పాత పుస్తకంలో ఇంకో ఖాళీ ఉంది, 2014 నవంబరు నుంచి 2015 జనవరి దాకా. అది కాన్పు. "అప్పుడేం కాలేదండి, బాలింత వాతం కమ్మింది, అంతే" అంది తల్లి. కాన్పయిన ఆరో రోజు నుంచి నిద్ర లేదు. ఆగకుండా మాటలు. పాప అమ్మవారి అంశ అని, ఎవరో మార్చేశారని, మళ్లీ అమ్మవారేనని. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. తర్వాత ఎవరో డాక్టరు ఇంజెక్షన్లు చేశాడు. రెండు నెలల్లో పూర్తిగా మామూలైపోయింది, మిషన్ మీద కూచుంది. ఆ తర్వాత రెండున్నరేళ్లు ఏ మందూ లేకుండా ఏ ఇబ్బందీ లేదు.

ఏ డాక్టరుకూ ఈ మాట చెప్పలేదు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది వేరే జబ్బు. మా లెక్కలో మాత్రం ఈ కేసులో అన్నిటికంటే బలమైన ఆధారం అదే. ప్రసవమైన మొదటి రెండు వారాల్లో హఠాత్తుగా మొదలయ్యే సైకోసిస్ (లేనివి వినిపించడం, లేనివి నిజమని నమ్మడం) వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. అందులో చాలామందిది అసలు బైపోలార్ జబ్బని, అంటే మేనియా, డిప్రెషన్ విడతలుగా వచ్చిపోయే జబ్బని తర్వాత తేలుతుంది. నేను ‘పిల్లలెంతమంది?’ అని అడిగి ‘ఒక పాప’ అని రాసుకుని ముందుకెళ్లిపోయాను. కాన్పు తర్వాత నెల రోజులు ఎలా గడిచాయని అడగలేదు.

గీతలన్నీ కలిపితే 2014లో ఒకటి, 2019లో ఒకటి, 2021లో ఒకటి, మూడు మేనియాలు. 2017లో ఒక డిప్రెషన్. నడుమ పొడవైన మామూలు కాలాలు, అందులో మనిషి పని, మాట, నవ్వు అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. మందు బిగుతు పట్టుకున్నాక వచ్చిన మసక వేరు. కేస్ షీటులో ‘స్కిజోఫ్రెనియా’ కొట్టేసి ‘సైకోటిక్ లక్షణాలతో బైపోలార్ 1’ అని రాశాను.

ఇదంతా మా శాస్త్రంలో కొత్త విషయం కాదు. 1899లో జర్మన్ సైకియాట్రిస్టు ఎమిల్ క్రేపలీన్ తన పాఠ్యపుస్తకం ఆరో కూర్పులో పిచ్చిని రెండుగా విడదీసినప్పుడు ఆయన పట్టుకున్న ఆధారం ఏ రోజుకారోజు లక్షణాలు కావు, జబ్బు నడిచే తీరు. ఏళ్ల తరబడి దిగజారుతూ పోతే ‘డిమెన్షియా ప్రీకాక్స్’ అన్నాడు, వచ్చి పోతూ నడుమ మనిషి తేరుకుంటుంటే ‘మానిక్ డిప్రెసివ్’ జబ్బన్నాడు. మొదటిదానికి స్విస్ సైకియాట్రిస్టు బ్లాయిలర్ 1908లో స్కిజోఫ్రెనియా అని పేరు పెట్టాడు. తర్వాతి కాలంలో మేము ఆ తీరును వదిలేసి లక్షణాల జాబితా వెనక పడ్డాం. 1960లలో న్యూయార్క్ ఆస్పత్రుల్లో లండన్ కంటే స్కిజోఫ్రెనియా కేసులు చాలా ఎక్కువగా ఉండేవి. ఒకే బృందం ఒకే పద్ధతిలో రెండుచోట్లా రోగులను పరీక్షిస్తే తేడా దాదాపు పోయింది. జబ్బులో తేడా లేదు, పేరు పెట్టడంలో ఉంది. న్యూయార్క్‌లో స్కిజోఫ్రెనియా అన్నవాళ్లలో చాలామంది లండన్ లెక్కలో మూడ్ జబ్బువాళ్లు. 1973లో కార్పెంటర్, స్ట్రాస్ తదితరులు ష్నైడర్ లక్షణాలను పరీక్షించి, మానిక్ డిప్రెసివ్ రోగుల్లో సుమారు నాలుగో వంతు మందిలో అవి ఉన్నాయని చూపారు. ఇది నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే. ఏడు నెలలు నా ఎదుట కూచున్న మనిషి విషయంలో గుర్తుకు రాలేదు.

లిథియం

మందు ఎంచుకోవడంలో ఎక్కువ ఆలోచించలేదు. బైపోలార్‌కు వాడే వాల్‌ప్రోయేట్ తేలిక, రక్తపరీక్షల బాధ తక్కువ. కానీ పిల్లల్ని కనే వయసు. గర్భంలో వాల్‌ప్రోయేట్ తగిలిన పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి పుట్టుకతో లోపాలు, ముప్పై నలభై శాతం మందికి ఎదుగుదలలో ఇబ్బందులు వస్తాయి. అందుకని లిథియం. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ 1949లో మేనియాకు వాడి చూపిన ఉప్పు అది. మా దగ్గర ఇప్పటికీ దానికి సాటి వచ్చే మందు బైపోలార్‌లో లేదని నా నమ్మకం. రక్తపరీక్షలు కావాలి, కంపెనీలకు లాభం తక్కువ, డాక్టర్లకు భయం ఎక్కువ. ఈ మూడింటి వల్ల రావలసిన వాళ్లకు అది అందడం లేదు.

మొదలుపెట్టే ముందు మూత్రపిండాలకు క్రియాటినిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, ఇంకా కాల్షియం, ఈసీజీ, గర్భపరీక్ష. అన్నీ బాగున్నాయి. రోజుకు 600 మిల్లీగ్రాములతో మొదలు. వారం తర్వాత, రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీయించాను. రిపోర్టు 2.6 అని వచ్చింది. అది ప్రాణం మీదికి వచ్చే అంకె. మనిషి చూస్తే నిమ్మళంగా కూచుని ఉంది, వణుకు లేదు, తూలడం లేదు. ల్యాబుకు ఫోన్ చేసి ఏ ట్యూబులో తీశారని అడిగాను. ఆకుపచ్చ మూత అన్నారు. రక్తం గడ్డకట్టకుండా ఆ ట్యూబులో పెట్టేదే లిథియం హెపారిన్! మామూలు ట్యూబులో మళ్లీ తీయిస్తే 0.42. మోతాదు 900కి పెంచితే 0.71 దగ్గర నిలిచింది. లిథియం రాసే ప్రతి డాక్టరూ తన ఊరి ల్యాబు కుర్రాడితో ట్యూబు గురించి ఒక్కసారి మాట్లాడి ఉంచుకోవాలి. పొరబాటున ఆ అంకెను నమ్మి మందు ఆపేస్తే రోగి మంచి మందు జీవితాంతం పోగొట్టుకుంటుంది.

రిస్పెరిడోన్ నెలకొక మెట్టు చొప్పున తగ్గించాను. జూలైలో నెలసరి వచ్చింది. సెప్టెంబరుకు చేతులు ఊగడం మొదలైంది. అక్టోబరులో మూడు వారాలు కొంచెం కుంగింది, పుస్తకంలో వారానికి మూడు జాకెట్లే. తనే తేరుకుంది. 2023 డిసెంబరులో రిస్పెరిడోన్ పూర్తిగా ఆపేశాను. సంక్రాంతికి వచ్చినప్పుడు నవ్వుతూ వచ్చింది. వెనక భర్త. పాప పుట్టినప్పటి మనిషి కాదు, అంతకు ముందు, పెళ్లైన కొత్తలో ఉండే మనిషి తిరిగొచ్చిందండి అన్నాడు. మేనత్త కొడుకే అతను, చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. అతని మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

2024 మేలో నా రెండో తప్పు బయటపడింది. ఎండలు మండుతున్నాయి. మిషన్ రేకుల షెడ్డులో. జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ సూది చేసి, అవే మాత్రలు ఐదు రోజులకు ఇచ్చాడు. మూడో రోజుకు విరేచనాలు, నాలుగో రోజుకు చేతులు పెద్దగా వణకడం, తాగిన మనిషిలా తూలడం, మాట ముద్దగా రావడం. మాకు తెచ్చేసరికి లిథియం 1.8, క్రియాటినిన్ 1.5. లిథియం ఆపి, రెండు రోజులు సెలైన్ పెట్టి, రోజూ అంకెలు చూస్తూ కూచున్నాం. నాలుగో రోజుకు తేరుకుంది. చెమటలో నీరూ ఉప్పూ పోతే మూత్రపిండాలు లిథియంను పట్టి ఉంచుకుంటాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు అది బయటికి పోకుండా ఇంకా అడ్డుపడతాయి. ఆర్‌ఎంపీకి ఇది ఎవరు చెప్పాలి? నేను. మందు రాసేటప్పుడు నోటిమాటగా చెప్పానే తప్ప కాగితం మీద ఇవ్వలేదు.

ఇప్పుడు లిథియం మీద ఉన్న ప్రతి మనిషికీ పచ్చ కార్డు ఇస్తున్నాను. తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వాంతులు విరేచనాలైతే ఆ పూట మాత్ర ఆపి ఫోన్ చెయ్యండి, నొప్పికి పారాసెటమాల్ తప్ప వేరే వద్దు, ఎండాకాలం నీళ్లు ఎక్కువ తాగండి, ఉప్పు ఉన్నట్టుండి మానెయ్యకండి. కార్డు వెనక ఆర్‌ఎంపీని ఉద్దేశించి రెండు వాక్యాలు. నాగమణి దాన్ని పుస్తకం అట్టకు కుట్టేసుకుంది.

శ్రావణంలో గొంతులు

కథ ఇక్కడ ఆగి ఉంటే మంచి కేసు అయ్యేది. స్కిజోఫ్రెనియా అనుకున్నది బైపోలార్ అని తేలింది, లిథియం ఇస్తే నయమైంది అని చెప్పుకోవచ్చు. నేను ఒక సమావేశంలో అలాగే చెప్పాను కూడా. 2024 ఆగస్టులో నాగమణి తనే ఫోన్ చేసింది. "డాక్టరుగారండీ, ఆ ఇద్దరూ మళ్లీ వచ్చారండి. కానీ నిద్ర బాగానే పడుతోంది."

మర్నాడు రమ్మన్నాను, పుస్తకం తెమ్మన్నాను. శ్రావణం నడుస్తోంది. వారానికి తొమ్మిది జాకెట్లు, అన్నీ అన్న రోజుకు ఇచ్చినట్టు టిక్కులు. చిన్న అక్షరాలు, నల్ల ఇంకు. అడ్వాన్సు ఒక్కటీ వదలలేదు. ఏడు గంటల నిద్ర అని భర్త చెప్పాడు. కుంగుబాటు లేదు, పొంగు లేదు. లిథియం 0.66. మొదటిసారి నాకు మేనియా చూపించిన పుస్తకమే ఈసారి మేనియా లేదని చూపిస్తోంది. గొంతులు మాత్రం ఉన్నాయి, పన్నెండు రోజుల నుంచి. వారానికోసారి చూస్తూ ఆగాను. కొత్త మందు మొదలుపెట్టేలోపు మొత్తం 24 రోజులు మూడ్‌లో ఏ మార్పూ లేకుండా గొంతులు వినిపించాయి. ఆమె వాటిని వింటూనే కుట్టింది.

రిస్పెరిడోన్ ఆపి ఎనిమిది నెలలైంది కాబట్టి అణిగి ఉన్నది పైకి లేచిందా? లిథియం విషం తగిలిన ప్రభావమా? రెండోదానికి మూడు నెలల ఎడం ఎక్కువ, పైగా అయోమయం, తూలుడు లాంటివేమీ లేవు. మొదటిదే నిజమని నాకు అనిపిస్తుంది. అదే నిజమైతే ఈ జబ్బులో మూడ్‌తో సంబంధం లేని సైకోసిస్ పాయ ఒకటి మొదటి నుంచీ ఉండి ఉండాలి, రిస్పెరిడోన్ ఆ అయిదేళ్లూ దాన్ని మూసి ఉంచింది. ఆ మందు పూర్తిగా అనవసరమని నేను మనసులో తేల్చేసుకున్నది తొందరపాటు.

అమెరికన్ల మానసిక జబ్బుల పుస్తకం డీఎస్‌ఎం‑5 ప్రకారం, మూడ్ ఎపిసోడు (మేనియా గానీ డిప్రెషన్ గానీ వచ్చిన విడత) లేకుండా కనీసం రెండు వారాలు భ్రమలో గొంతులో ఉండి, మొత్తం జబ్బు కాలంలో ఎక్కువ భాగం మూడ్ ఎపిసోడ్లు ఉంటే అది స్కిజోఅఫెక్టివ్ డిజార్డర్. నాగమణికి సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పుస్తకం ఐసీడీ‑11 ప్రకారం అయితే ఒకే ఎపిసోడులో స్కిజోఫ్రెనియా లక్షణాలు, మూడ్ లక్షణాలు రెండూ కలిసి కనీసం నాలుగు వారాలు ఉండాలి. ఆగస్టు నాటి నాగమణి అందులోకి రాదు. ఒక మనిషి, రెండు పుస్తకాలు, రెండు పేర్లు. స్కిజోఅఫెక్టివ్ అన్న మాట 1933లో జేకబ్ కసానిన్ అనే సైకియాట్రిస్టు తొమ్మిది మంది రోగుల గురించి రాస్తూ వాడినది. అప్పటి నుంచి ఇద్దరు డాక్టర్లు ఒకే రోగిని చూసి ఈ పేరు దగ్గర ఏకీభవించడం కష్టంగానే ఉంది.

ఈ కష్టానికి కారణం డాక్టర్ల అజాగ్రత్త ఒక్కటే అని నేను అనుకోను. 2009లో స్వీడన్‌లో ఇరవై లక్షల కుటుంబాల రికార్డులు పరిశీలించినప్పుడు స్కిజోఫ్రెనియా ఉన్నవారి తోబుట్టువుల్లో, పిల్లల్లో బైపోలార్ కూడా ఎక్కువగా కనిపించింది, అటూ ఇటూ కూడా. 2013లో జన్యు పరిశోధకుల అంతర్జాతీయ బృందం ఈ రెండు జబ్బుల మధ్య జన్యు సంబంధాన్ని లెక్కగట్టింది. 0 అంటే ఏ పొత్తూ లేదు, 1 అంటే పూర్తిగా ఒకటే అనుకుంటే, వచ్చింది 0.68. క్రేపలీన్ గోడ కట్టిన చోట నేల కింద వేళ్లు కలిసే ఉన్నాయి. ఆయన కూడా 1920లో రాసిన వ్యాసంలో ఈ రెండింటినీ అన్ని కేసుల్లోనూ విడదీయలేకపోతున్నామని ఒప్పుకున్నాడు. అయినా ఆ విభజన వృథా అనను. అదే లేకపోతే నాగమణికి లిథియం వచ్చేది కాదు.

వంశం గురించి మళ్లీ అడిగాను. ఈసారి తల్లి తన తమ్ముడి సంగతి చెప్పింది. పాతికేళ్లప్పుడు ఉన్న ఎకరమూ అమ్మి గుడి కట్టిస్తానని బయల్దేరాడు, ఆరు నెలలు పలకలేదు, తర్వాత సన్యాసుల్లో కలిసిపోయాడు. "అది జబ్బంటారా?" అని అడిగింది. అయి ఉండొచ్చన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది. ముప్పై ఏళ్లుగా తమ్ముడి మీద కోపంగా ఉందట.

రిస్పెరిడోన్‌కు బదులు అరిపిప్రజోల్ 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను, ప్రొలాక్టిన్ పెంచదు కాబట్టి. ఐదు వారాల్లో గొంతులు ఆగాయి. లిథియం కొనసాగుతోంది. కేస్ షీటులో ‘స్కిజోఅఫెక్టివ్, బైపోలార్ రకం’ అని రాసి, పక్కన తేదీ వేశాను. ఆ పేరు కింద 2014 నుంచి గీసిన కాలరేఖ కాగితం పిన్ను చేశాను. నా తర్వాత చూసే డాక్టరు పేరుతో ఏకీభవించకపోయినా ఆ కాగితం పనికొస్తుంది.

2025లో ఇప్పటిదాకా తిరగబెట్టలేదు. టీఎస్‌హెచ్ 7.1కి వెళ్లింది, లిథియం మీద ఉన్న ఆడవాళ్లలో ఇది తరచూ చూస్తాం. థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు చేర్చాను. పాప ఐదో తరగతి. తనకు కూడా వస్తుందా అని నాగమణి అడిగింది. ఇలాంటి జబ్బున్న తల్లికి పుట్టిన పదిమంది పిల్లల్లో సుమారు ఒకరికి రావచ్చు, తొమ్మిది మందికి రాదు, వచ్చినా ఇన్నేళ్లు ఆలస్యం కానివ్వం అన్నాను.

కిందటి నెల భార్యాభర్తలిద్దరూ వచ్చి రెండో బిడ్డ గురించి అడిగారు. ఒకసారి కాన్పు తర్వాత అలా అయిన మనిషికి మళ్లీ వచ్చే అవకాశం సగానికి సగం ఉంటుందని దాచకుండా చెప్పాను. లిథియం మానేస్తే అది ఇంకా పెరుగుతుంది. ఉంచితే మొదటి మూడు నెలల్లో బిడ్డ గుండెకు కొద్దిపాటి ప్రమాదం, అది మోతాదును బట్టి ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో మందు అంకె మారుతూ ఉంటుంది కాబట్టి ప్రతి నెలా చూడాలి. గైనకాలజిస్టుతో ముందే మాట్లాడి పెట్టాలి. కాన్పయ్యాక మొదటి రెండు వారాలు రాత్రి నిద్ర ఆమెకు మందు లాంటిది. లిథియం పాలలోకి వస్తుంది కాబట్టి డబ్బా పాలకు సిద్ధపడి, రాత్రి బిడ్డను వేరేవాళ్లు చూసుకోవాలి.

నిర్ణయం ఇంకా తీసుకోలేదు. వెళ్లబోతూ నాగమణి పుస్తకం ఆఖరి పేజీ తెరిచి చూపించింది. ఇంటి దగ్గరే రాసుకొచ్చింది. ఒకటి నుంచి పద్నాలుగు దాకా అంకెలు, ఒక్కో రాత్రికి ఒక్కో పేరు. అమ్మ, అత్త, ఆడపడుచు, బావ, మళ్లీ అమ్మ. ఆరో రాత్రి ఎదుట రెండు పేర్లు ఉన్నాయి.